మా అమ్మాయి కోరిన చదువు



గత సంవత్సరము వేసవిలో మా యింట నొక వివాదము పుట్టినది. మా పెద్దమ్మాయి ఇంటర్మీడియేటు పరీక్షయందు గణితములో మంచి మార్కులు తెచ్చుకొని యుత్తీర్ణురాలైనది. చుట్టములందఱును ఇంజనీరింగు కాలేజీల పేర్లు వల్లించుచుండగా ఆ పిల్ల మెల్లగా మా ముందునకు వచ్చి, తాను తత్త్వశాస్త్రము, రాజనీతిశాస్త్రము, అర్థశాస్త్రము, ఈ మూటిని కలిపి చదువ దలచితిననియు, అట్లు బోధించు చిన్న ప్రైవేటు కళాశాల యొకటి పొరుగు రాష్ట్రమున నున్నదనియు చెప్పినది.

మా అత్తగారు తమలపాకునకు సున్నము రాయుచు, "ఈ మూడూ చదివి ఏ వీధిలో ఏ కొట్టు పెడతావే, తల్లీ?" అని యడిగిరి. మా వారు బడిపంతులు. పరుల బిడ్డలు ఏ చదువు కోరినను ధైర్యము చెప్పి పంపుట వారి కలవాటు. సొంత బిడ్డ కోరునప్పటికి మాత్రము వార్తాపత్రిక నడ్డము పెట్టుకొని యూరకుండిరి. నేనును మొదట వలదన్నదాననే. ఆ సంగతి దాచను. ఏడాది ఫీజు మా వారి సంవత్సరపు జీతములో సగమునకు మించి యుండెను. ఆడుపిల్ల యింటికి దూరముగా నుండవలెను. పోనీ, చదువు ముగిసిన పిదప ఇదిగో ఈ యుద్యోగము వచ్చునని వ్రేలు పెట్టి చూపుటకును ఏదియు లేదు.

నేను కళాశాల గడప త్రొక్కినదానను గాను. మా తండ్రిగారు ఇంటియొద్దనే నాకు అమరము, రఘువంశము, భారతము చెప్పిరి. పందొమ్మిదవ యేట పెండ్లియైనది. కావున ఆ పిల్ల తెచ్చిన పాఠ్యక్రమము నాకు బొత్తిగా తెలియని వ్యవహారమై యుండునని భయపడితిని. రాత్రి వంట ముగిసిన పిదప ఆ కాగితములు ముందు పెట్టుకొని కూర్చుండగా నాశ్చర్యము కలిగినది. పేర్లు క్రొత్తవి, విషయము నేనెఱిగినదే.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రము నారంభించుచు విద్యలు నాలుగని చెప్పెను. హేతువులతో మంచిచెడ్డలు విచారించునది ఆన్వీక్షికి. వేదములు త్రయి. కృషి, పశుపాలనము, వాణిజ్యము కలిసి వార్త. రాజ్యపాలనము దండనీతి. త్రయిని పండితులకు విడిచినచో మిగిలినవి మా అమ్మాయి కోరిన మూడే గదా! ఏ విద్యలు నేర్పవలయునను వివాదము సైతము నాడే కలదు. బృహస్పతి మతమువారు వార్త, దండనీతి రెండే చాలునందురు. శుక్రాచార్యుని మతమువారు దండనీతి యొక్కటే విద్య యందురు. కౌటిల్యుడు నాలుగును వలయుననియు, వానిలో ఆన్వీక్షికి తక్కిన విద్యల కెల్ల దీపము వంటిదనియు నిర్ణయించెను. శతాబ్దములు మఱుగుపడిన ఆ గ్రంథము 1905 లో మైసూరునందు శామశాస్త్రిగారి కంటబడి, 1909 లో అచ్చయినది.

ఇది ఆడువారి చదువు గాదనువారికి ద్రౌపదియే సమాధానము. వ్యాసభారతము వనపర్వమున ఆమె ధర్మరాజుతో రాజనీతిని గూర్చి వాదించును. ఈ మాటలు నీకెక్కడివన్న సందేహము కలుగకుండ ఆమెయే చెప్పును: తన తండ్రి యింట నొక పండితుడుండి తన సోదరులకు బృహస్పతి నీతి చెప్పుచుండగా, తాను తండ్రి యొడిలో కూర్చుండి వినెనట. సోదరులకు పాఠము, ఆమెకు వినికిడి! అయినను అడవిలో కష్టము వచ్చినప్పుడు ఆ నీతిని జ్ఞాపకము చేసినది వినికిడి చదువుగల ఆమెయే. నేను తలుపు చాటున కాక తండ్రిగారి యెదుటనే కూర్చుండి చదివితిని. నా బిడ్డ మఱియొక మెట్టు పైకి పోయి కళాశాల బల్లమీద కూర్చుండి చదువ గోరుచున్నది. ఇందులో వింత యేమున్నదని నాకు నేనే ప్రశ్న వేసికొంటిని.

ఈ మూటిని ఒక్క పట్టమునకు గుదిగ్రుచ్చిన యేర్పాటు ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున 1920 లో మొదలైనది. అంతకు ముందచ్చట రాజ్యవ్యవహారములలో ప్రవేశింపగోరు యువకులు తఱచుగా గ్రీకు, లాటిను ప్రాచీన గ్రంథములను చదువుచుండిరి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప నేటి లోకమును నేటి శాస్త్రములతో నర్థము చేసికొను చదువు వలయునని తోచి ఈ క్రమమును ఏర్పఱచిరి. దానికి వాడుకలో మోడరన్ గ్రేట్సని పేరు. మొదటి యేడు మూడు శాస్త్రములును చదువవలెను. పిదప మూటిని కొనసాగింపవచ్చును, లేదా ఒకదానిని విడిచి రెంటిలో లోతునకు పోవచ్చును. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టముల నొసగుట కారంభించినదియు ఆ 1920 లోనే. పాకిస్తానునకు ప్రధానియైన బేనజీరు భుట్టో, బర్మాదేశపు ఆంగ్ సాన్ సూకీ, బాలికల చదువు కొఱకు తూటా దెబ్బ తిన్న మలాలా, ముగ్గురును అచ్చట ఈ చదువు చదివినవారే. మలాలా 2020 లో పట్టము పుచ్చుకొన్నది.

ఈ చదువు చదివినవారందఱును మంచి పాలకులగుదురని నేను చెప్పను. బ్రిటిషు ప్రధానులలో పలువురు దీనినే చదివిరి. వారిలో లిజ్ ట్రస్సను నామె 2022 లో ప్రధానియై, పన్నుల విషయమున తొందరపడి, రెండు నెలలైనను నిలువజాలక దిగిపోయినది. చదువు దీపమే కాని నడవవలసినవారము మనము.

మన తెలుగువారికి ఈ దారి క్రొత్త గాదు. సర్వేపల్లి రాధాకృష్ణగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము పేదఱికమని చెప్పుదురు. బంధువొకరు చదివి ముగించిన తత్త్వశాస్త్ర గ్రంథములు ఉచితముగా దొరకుటచే వారు దానిలో చేరిరట. ఏమి ఫలమని యడుగువారు చూడుడు: 1931 లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు, 1936 లో ఆక్సుఫర్డునందాచార్యులు, 1952 లో భారత ఉపరాష్ట్రపతి, 1962 లో రాష్ట్రపతి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వమును విచారించిన చేతితోనే తెలుగున అర్థశాస్త్ర గ్రంథమును వ్రాసిరి.

దుర్గాబాయిగారి కథ మనకు మఱింత దగ్గఱిది. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేగి వచ్చిన పిదప ఆమె రాజనీతిశాస్త్రము చదువదలచిరి. వాల్తేరులో నాడు విద్యార్థినులకు హాస్టలు లేదు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, అట్టి యిబ్బందిచే నాగిపోయిన బాలికలను కూడగట్టి, వసతి నేర్పఱచుకొని చదివిరి. ఆ చదువు వ్యర్థము కాలేదు. 1946 లో రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1952 లో ప్రణాళికా సంఘమున ప్రవేశించి, 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైరి. హాస్టలు లేదని యింట కూర్చుండినచో ఈ దేశమునకు నష్టమెంతయో యోచింపుడు.

"అవన్నియు గొప్పవారి కథలు, మన పిల్లకు ఈ మూడును కలిపి యెందుకు? ఒకటి చాలదా?" అని మా వారు చివర కడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము మా యూరిలోనే దొరకినది.

మాది అమరావతి. అమరేశ్వరుని కోవెల, మహాస్తూపము గల అమరావతి. 2022 ఏప్రిలు నుండి పల్నాడు జిల్లాలోనిది. రాష్ట్ర రాజధానికి మా యూరి పేరు పెట్టిరి గాని, ఆ రాజధాని గ్రామములు మాకు తూర్పున గుంటూరు జిల్లాలో నున్నవి. మా పుట్టింటివారి పొలము తుళ్ళూరు ప్రాంతమున నున్నది. 2015 లో భూసమీకరణమని ప్రభుత్వము రైతులనుండి ముప్పది వేల యెకరములకు పైగా తీసికొన్నప్పుడు మా అన్నగారును ఒక యెకరము మెట్ట నిచ్చిరి. ఆ యెకరమునకు బదులు అభివృద్ధి చేసిన వేయి గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము ఇత్తుమనిరి. పదియేండ్లు కౌలు ఇత్తుమనిరి. మొదటి యేడు 30,000 రూపాయలు, పిదప ఏటేట 3,000 పెంపు. జరీబు భూమికి కౌలు 50,000. భూమిలేని కూలి కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను.

మా అమ్మాయి ఒక సాయంకాలము నా పద్దుల పుస్తకము వెనుక పుటలో ఈ లెక్కలన్నియు వ్రాసి మా ముందు పెట్టినది. "నాన్నా! మామయ్యకు వచ్చే కౌలు ఆ పొలం పంటకు సరిపోతుందా? రావలసిన స్థలం ఐదేళ్లు ఆలస్యమైతే నష్టమెంత? ఇది అర్థశాస్త్రం," అనినది. "ఒక ప్రభుత్వం ఇచ్చిన మాటను తరువాతి ప్రభుత్వం మార్చవచ్చునా? మారిస్తే రైతు ఎవరిని అడగాలి? ఇది రాజనీతి. భూమి ఇచ్చినవాడికి స్థలం వస్తుంది. ఆ భూమిలో కలుపు తీసిన కూలిమనిషికి పని పోతుంది. ఆమెకు మనమేమి బాకీ? 2,500 తో ఆ బాకీ తీరుతుందా? ఇది తత్త్వశాస్త్రం. ఈ మూడింటిలో ఒక్కటే చదివితే సగం ప్రశ్న కనబడదు, నాన్నా!"

మా వారు పత్రిక మడిచి క్రింద బెట్టిరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినప్పుడును, తుళ్ళూరు స్త్రీలు చంటిబిడ్డలతో శిబిరములలో కూర్చుండినప్పుడును, 2021 లో తిరుపతి వఱకు నడచినప్పుడును, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వెలువడినప్పుడును, 2024 లో ప్రభుత్వము మాఱి పనులు మరల మొదలైనప్పుడును మా యింట మాటలు లేకపోలేదు. ఎవరి పక్షము వారికుండెను. కాని ఒక యెకరమును మూడు వైపులనుండి త్రిప్పి చూచినవారము కాము.

మఱియొక యుదాహరణము గూడ ఆ పిల్లయే చెప్పినది. 1833 నాటి గుంటూరు కఱవును మన పెద్దలు నందన కఱవని చెప్పుకొనుచుండిరి. కృష్ణమ్మ ప్రక్కనే పారుచుండ మనుష్యులు తిండిలేక చచ్చిరి. బెజవాడ ఆనకట్ట 1855 లో గాని పూర్తి కాలేదు. ధాన్యము లేకపోవుటయే కఱవునకు కారణమని లోకులందురు. 1943 నాటి వంగదేశపు కఱవును బాల్యమున కన్నులార చూచిన అమర్త్యసేనుగారు, అంగడిలో ధాన్యమున్నను కొను శక్తి లేనివారు చచ్చెదరని 1981 లో తమ గ్రంథమున నిరూపించిరి. ప్రజలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమును, స్వేచ్ఛగల పత్రికలును ఉన్నచోట పెద్ద కఱవు రానేరదనియు వారి వాదము. 1998 లో వారికి నోబెలు బహుమానము వచ్చినది అర్థశాస్త్రమునకే. కాని ఆ విచారణలో మూడు శాస్త్రములును విడదీయరాకుండ నున్నవి.

ఇక చిన్న ప్రైవేటు కళాశాల సంగతి. మన తెలుగు కళాశాలలలో చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి కలిపిన బి.ఏ. చిరకాలము నడచినది. 2023-24 లో మన రాష్ట్రమున ఒకే ప్రధాన శాస్త్రమును చదువు విధానము ప్రవేశపెట్టబడినది. తత్త్వశాస్త్రమును చేర్చి మూటిని కలిపి చెప్పు పద్ధతి కొన్ని ప్రైవేటు విద్యాలయములలో కలదు. హర్యానాయందలి అశోకా విశ్వవిద్యాలయము వానిలో నొకటి. చిన్న కళాశాలలోని మేలేమనగా, గురువు పిల్లను పేరుపెట్టి పిలుచును. పిల్ల వ్రాసిన వ్యాసమును పంక్తిపంక్తికి దిద్దును. బదులు పలుకక వెనుక బల్లపై దాగుటకు వీలుండదు. కీడేమనగా ఫీజు హెచ్చు, పేరు క్రొత్త, రంగుల కాగితముల యాడంబరము మెండు.

మేము చూడబోయిన కళాశాల యొకదానిలో, తత్త్వశాస్త్రము చెప్పువారెవరని మా వారడుగగా, అచ్చటి యుద్యోగి మమ్ము తీసికొనిపోయి ఈతకొలను చూపించెను. చేయించుకొని తిరిగి వచ్చితిమి. అందుచే బిడ్డలను ఇట్టి చదువునకు పంపదలచిన తల్లులు ముందుగా నడుగవలసిన ప్రశ్నలను నా యనుభవమునుండి చెప్పెదను.

విద్యాలయమునకు యూ.జీ.సీ. గుర్తింపు కలదా? మూడు శాస్త్రములకును వేఱువేఱుగా స్థిరమైన అధ్యాపకులున్నారా, లేక ఒకటి పేరునకు మాత్రమేనా? తరగతిలో నెందఱు? గ్రంథాలయమును చూడనిత్తురా? గణితము, గణాంకశాస్త్రము చెప్పుదురా? అర్థశాస్త్రమున పై చదువు చదువగోరు పిల్లకు గణితము లేనిచో దారి మూసికొనిపోవును. కావున మా అమ్మాయి గణితము వృథాపోలేదు. ఫీజు తగ్గింపు ఇచ్చినచో నాలుగేండ్లును ఉండునా, మార్కులు తగ్గిన నది రద్దగునా? ఈ నియమములను కాగితముపై వ్రాసి యిచ్చెదరా? ఆడుపిల్లల హాస్టలు ఎచ్చట, రాత్రి వేళ బాధ్యులెవరు? చదువు ముగించిన పూర్వవిద్యార్థులు నేడేమి చేయుచున్నారు? న్యాయశాస్త్రము, పత్రికారచన, సివిలు సర్వీసు పరీక్షలు, పరిశోధన, ఈ ద్వారములు తెఱచియున్నవి. కాని ఏ ద్వారమును తనంతట తాను తెఱచుకొనదు. పట్టము పుచ్చుకొన్న నాడే జీతము వచ్చు చదువు ఇది గాదు. ఆ మాట బిడ్డతో ముందే చెప్పవలెను. మేము చెప్పితిమి.

ఈతకొలనుతో కాక గ్రంథాలయముతో మొదలిడి చూపిన కళాశాల యొకటి తుదకు దొరకినది. సగము ఫీజు తగ్గించిరి. మిగిలిన సగమునకు నా కాసులపేరు బ్యాంకునకు కుదువకు పోయినది. పెండ్లినాడు మా అమ్మ మెడలో వేసినది. మా అమ్మాయి పెండ్లికి ఉంచినది. ఆ రోజు బ్యాంకు మెట్లు దిగుచు నేను కంట తడి పెట్టలేదని చెప్పిన నది యబద్ధము. మా అత్తగారు మాత్రము నేననుకొనని మాట యనిరి: "బంగారం పెట్టెలో పడుకుంటే ఎవరికి లాభమే? దాని చదువు దాని మెడలో ఉంటుంది, పోనీ."

మా ప్రాంతపు స్త్రీలకు ఇది క్రొత్త ధర్మము గాదు. అమరావతి స్తూపపు శిలాశాసనములలో దానములు చేసిన స్త్రీల పేర్లు, గృహిణులవియు భిక్షుణులవియు, ఎన్నో యున్నవి. మాచర్ల ప్రాంతపు నాగార్జునకొండలో 3 వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమును కట్టించెను. రాజకుటుంబపు స్త్రీ కాని బోధిసిరి యను నుపాసిక చిన్న ధర్మగిరిపై సింహళ దేశపు ఆచార్యుల కొఱకు చైత్యగృహమును కట్టించెను. పరదేశపు గురువులు వచ్చి నిలుచుటకు ఒక గృహిణి తన ధనముతో చోటు కల్పించినది! 7 వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు మన ధాన్యకటక దేశమునకు వచ్చి కొన్ని నెలలు నిలిచి అభిధర్మము చదివెను. నాగార్జునాచార్యుడు శాతవాహన రాజునకు వ్రాసెనని చెప్పబడు రత్నావళియందు, ఆత్మతత్త్వమును విచారించుచునే, ఆపద వచ్చినప్పుడు ప్రజల పన్ను తగ్గింపుమనియు, చెఱలోని వారికి స్నానము, ఆహారము, ఔషధము లోపింపనీయకుమనియు రాజునకు బోధించెను. తత్త్వము, రాజనీతి, అర్థము ఒక్క గ్రంథమున! ఆ నేలపై పుట్టిన పిల్ల ఆ మూటిని చదివెదననుట వింతగా తోచినది మాకు. వింత మా మఱపులో నున్నది.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికి వచ్చినది. కొంచెము చిక్కినది, అచ్చటి సాంబారును తిట్టినది, నాయనమ్మ ప్రక్కలో పండుకొని కబుర్లు చెప్పినది. మఱునాడు భోగి పిడకల దండలు గ్రుచ్చుచుండగా నా యొద్ద కాగితములు పట్టుకొని కూర్చుండి, "అమ్మా! రాజు లేని కాలాన్ని గురించి శాంతిపర్వంలో భీష్ముడు ఏం చెప్పాడో నువ్వు చెప్పాలి. మా గురువుగారు ఇంగ్లీషు అనువాదం ఇచ్చారు, నాకు మూలం అర్థం కావాలి" అనినది. చేతులు కడుగుకొని వచ్చి, మా తండ్రిగారి పుస్తకము దింపి, అన్వయము చెప్పితిని. ఆమె తనకు చెప్పిన ఇంగ్లండు పండితుల వాదము చెప్పినది. కొన్నిచోట్ల నేను ఒప్పుకొనలేదు. కొన్నిచోట్ల ఆమె యొప్పుకొనలేదు. పొయ్యిమీది పాలు పొంగిపోయినవి. మా వారు వాకిట నిలుచుండి వినుచుండుట మేము చాలసేపటికి గాని చూడలేదు.

నా కాసులపేరు ఇంకను బ్యాంకులోనే యున్నది. నెలనెల వడ్డీ కట్టుచున్నాము. బిడ్డకు రేపేమి ఉద్యోగము వచ్చునని చుట్టములు నేటికిని అడుగుచునే యున్నారు. వారికి నేను చెప్పునది ఇంతే: తనకు, ఇరుగుపొరుగునకు, పొలములో కూలి చేసినవారికి ఏది న్యాయమో లెక్కతోను, హేతువుతోను మాటలాడగల యాడుది ఏ యింట నున్నను ఆ యింట నొక దీపము వెలుగుచుండును. మీ యింటి పిల్ల యెవరైన ఇట్టి చదువు కోరినచో, ఏ కొట్టు పెట్టెదవని యడుగుటకు ముందు, ఒక సాయంకాలము మీ పద్దుల పుస్తకమును ఆమె చేతికిచ్చి చూడుడు.